పాత మిల్లింగ్ మిషన్‌కు మోటారు మార్చిన సంగతి, దాంతోపాటు నేను చేసిన ఒక తప్పు

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. పంట గురించి కాదు, ధరల గురించి కాదు. మా రేకుల షెడ్డులో ఉండే పాత మిల్లింగ్ మిషన్‌కు మోటారు, డ్రైవు మార్చిన సంగతి. మధ్యలో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అది దాచిపెట్టి మోటారు సంగతి ఒక్కటే రాస్తే సగం రాసినట్టు. అందుకే మొత్తం రాస్తున్నా, ఓపికగా చదవండి.

ముందు మిల్లింగ్ మిషన్ అంటే ఏందో చెప్పాల. అది తెచ్చిన కొత్తలో ఊర్లో "ఆయప్ప ఇంట్లో మిల్లు పెట్టినాడంట" అని మాట పాకింది. మూడో రోజు పొద్దున్నే, నాకు పెద్దమ్మ వరసయ్యే ఆమె రాగుల సంచి నెత్తిన పెట్టుకొని వచ్చింది.

"ఏం నాయనా, కిలోకి ఎంత తీసుకుంటావు? మెత్తగా ఆడిస్తావా?"

"పెద్దమ్మా, ఇది పిండి ఆడేది కాదు, ఇనుము కోసేది" అన్నా.

ఆమె నమ్మలేదు. మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇనుము కోసేదానికి ఇంత దుడ్డు పెట్టినావా?" అని సంచి ఎత్తుకొని పోయింది.

లేత్ షాపుకు పోనోడు మనలో ఉండడు. లేత్‌లో ఇనుప ముక్క తిరుగుతుంది, టూలు నిలబడి ఉంటుంది. మిల్లింగ్‌లో దానికి ఉల్టా. కట్టరు తిరుగుతుంది, ముక్కను బల్లకు బిగించి, చేత్తో హ్యాండిల్ తిప్పుకుంటా దాని కిందికి జరుపుతాం. షాఫ్టుకు కీ కూర్చునే గాడి తీయాలన్నా, మోటారు బేస్ ప్లేటుకు పొడుగు రంధ్రాలు కోయాలన్నా, వంకరపోయిన పట్టీని చదును చేయాలన్నా దీంతోనే సులువు.

నేను 1988లో బద్వేలులో ఇంటర్ అయిపోయినాక ప్రొద్దుటూరులో ఒక లేత్ షాపులో మూడేండ్లు పని నేర్చుకున్నా. నాయనకు బాగలేకపోతే తిరిగొచ్చి సేద్యంలో పడినా. అప్పటినుంచి నాలుగెకరాలు, ఒక బోరు, ఇదే బతుకు. కానీ చేతికి అంటిన ఆ నూనె వాసన మాత్రం పోలేదు. ఐదేండ్ల కిందట మా మేస్త్రీ వయసైపోయి షాపు మూసేస్తా నాకు కబురు పెట్టినాడు. "తూకం లెక్కన అమ్మితే పాత ఇనుమోళ్లు సమ్మెటతో పగలగొడతారు. నువ్వు తీసుకపో. ఊరికే మూలన పెట్టొద్దు, ఆడిస్తా ఉండు" అన్నాడు. ట్రాక్టర్లో గడ్డి పరిచి, దాని మీద పండబెట్టి తెచ్చుకున్నా.

అది చిన్న మిషనే. దానికి వచ్చిన మోటారు 1 హార్స్‌పవర్, మూడు ఫేజులది. మన ఇండ్లకు వచ్చేది ఒక ఫేజు కరెంటు. అందుకని ఆ మోటారు తీసి పక్కన పెట్టి, కెపాసిటర్ ఉండే సింగిల్ ఫేజు మోటారు ఒకటి బిగించినా. అది తిరిగింది గానీ పని సాగలేదు. సాయంత్రం వోల్టేజి తగ్గితే స్టార్టు కాక గుమ్మని మూలుగుతుంది, తొందరగా ఆపకపోతే కాలే వాసన వస్తుంది. సింగిల్ ఫేజు మోటారు తిప్పే బలం ఒకే తీరుగా ఉండదు. సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతా ఉంటుంది. ఆ అదురు కట్టరు దాకా వచ్చి, కోసిన చోట గీతలు గీతలుగా కనపడేది. స్పీడు మార్చాలంటే ప్రతిసారీ గార్డు తీసి, బెల్టును ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టు పుల్లీకి మార్చాల.

ఇక్కడ నా తప్పు మొదలైంది. మా ఇల్లు ఊరి చివర, వెనకనే చేను. షెడ్డుకు ఒకపక్క ఇంటి మీటరు, ఇంకోపక్క యాభై అడుగుల్లో బోరు స్టార్టరు. అక్కడ పగలు తొమ్మిది గంటలు మూడు ఫేజుల కరెంటు ఉంటుంది. పాత మోటారు మళ్లీ బిగించి, స్టార్టరు బాక్సులోంచి వైర్లు షెడ్డుకు లాగినా. అబ్బా, ఏం తిరిగిందప్పా! సద్దు లేదు, అదురు లేదు. కోసిన ఇనుము అద్దం మాదిరి వచ్చింది. ఎవురన్నా అడిగితే "కన్వర్టరు పెట్టినా" అని చెప్పినా. రెండు నెలలు అట్లే నడిపినా.

2004 మే 14న ఉచిత కరెంటు మీద సంతకం పడినప్పటి నుంచి ఆ కరెంటు మనకు ఎందుకిస్తున్నారో మనందరికీ తెలుసు. పైరుకు నీళ్లు పెట్టుకోను. దాంతో వేరే మిషన్ తిప్పితే 2003 కరెంటు చట్టం 126వ సెక్షన్ కింద దాన్ని అనధికార వాడకం అంటారు. లెక్కగట్టి రెండింతలు వసూలు చేయొచ్చు. ఇది నాకు అప్పుడూ తెలుసు. "ఒక్క హార్స్‌పవరే కదా, ఎవురికి నష్టం" అని నాకు నేనే చెప్పుకున్నా.

రెండేండ్ల కిందట ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, నేను షెడ్డులో షాఫ్టుకు గాడి తీస్తా ఉంటే మిషన్ నీరసించి ఆగిపోయింది. బయట ఢామ్మని సద్దు. పోయి చూస్తే ట్రాన్స్‌ఫార్మరు నుంచి పొగ, కిందికి కారే నూనె. మాది 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు. లెక్క ప్రకారం అది 5 హార్స్‌పవర్ మోటార్లు నాలుగైదు మోస్తుంది. దాని కింద ఆరు బోర్లుండాయి. కొత్తది వచ్చి కరెంటు ఎక్కేసరికి ఐదు రోజులు పట్టింది.

అందరి చేన్లలో శెనక్కాయే. ఊడలు దిగి కాయ పట్టే టైము. ఆ పదును తప్పితే ఏమైతుందో మీకు చెప్పాల్సిన పని లేదు. మా చేను కాస్త నల్లగరప, తట్టుకునింది. మా పక్కన కౌలుకు చేసే తమ్ముడిది ఎర్ర గరుసు నేల, వెంటనే వాడు మొగం పడింది. ఎకరాకు నాలుగు మూటలు తక్కువైంది ఆ పిల్లోనికి.

అది ఒక్కటే అయితే కాలం అనుకోవచ్చు. ఆ తమ్ముడు అంతకు నెల ముందే బోరులో నీళ్లు కిందికి పోయినాయని 5 తీసేసి 7.5 హార్స్‌పవర్ మోటారు దించినాడు. ట్రాన్స్‌ఫార్మరు కాడ ఆరుమందిమి నిలబడి ఉన్నప్పుడు అందరూ ఆ పిల్లోని మీదనే పడినారు. "నీ పెద్ద మోటారు వల్లే కాలింది" అన్నారు. వాడు తల దించుకొని నిలబడినాడు. నేను కూడా ఆడనే ఉన్నా. వైర్లు పీకేసి వచ్చినా అప్పటికే. నోరు మాత్రం విప్పలేదు.

నిజంగా నా ఒక్క హార్స్‌పవర్‌తో ట్రాన్స్‌ఫార్మరు కాలిందా అంటే, కాదనే చెప్తా. వాని మోటారు ఒక్కదాంతోనూ కాదు. కానీ బరువు మించిన బండి మీద వాడేసిన మూట అందరికీ కనపడింది, నేనేసిన మూట ఎవురికీ కనపడలేదు. ఆ ఏడు పంట దుడ్డు చేతికొచ్చినా నాకు ఆ కాయ రుచి తెలియలేదు.

మిషన్ ఆరు నెలలు గోనెపట్టా కప్పుకొని పడి ఉండింది. మేస్త్రీ మాట గుర్తొచ్చినప్పుడల్లా మనసు పీకేది. అమ్మేద్దామా అనుకున్నా. అప్పుడు బెంగుళూరులో పనిచేసే మా అబ్బోడు వీఎఫ్‌డీ గురించి చెప్పినాడు. మీలో సోలార్ పంపుసెట్టు ఉన్నోళ్లకు ఇది కొత్త కాదు. ఆ పంపుకుండే కంట్రోలరు లోపల జరిగేది కూడా ఇదే పని.

నాకు అర్థమైనంత చెప్తా. మూడు ఫేజుల మోటారు స్పీడు కరెంటు సైకిళ్ల మీద ఆధారపడి ఉంటుంది. మనకొచ్చేది 50 సైకిళ్లు. నాలుగు పోళ్ల మోటారుకు 120 ఇంటూ 50 బై 4, అంటే 1500. కొంచెం జారుడు పోగా ప్లేటు మీద 1440 అని ఉంటుంది. 1889లో డొలివో-డొబ్రొవోల్‌స్కీ అనే రష్యా ఇంజినీరు జర్మనీలో తయారుచేసిన మూడు ఫేజుల మోటారు సూత్రమే ఈరోజు మన బోర్లలో తిరిగేది కూడా. దాని స్పీడు మార్చాలంటే సైకిళ్లు మార్చాల. వీఎఫ్‌డీ చేసేది అదే. ఇంటి సింగిల్ ఫేజు కరెంటును ముందు డీసీ చేస్తుంది, తర్వాత దాన్ని తుంచి తుంచి మూడు ఫేజులుగా, మనం అడిగిన సైకిళ్లలో ఇస్తుంది.

ఒక చిక్కు ఉంది. 230 వోల్టులు లోపలికి పోతే మామూలు వీఎఫ్‌డీ నుంచి బయటికి వచ్చేది కూడా అంతే, 415 రాదు. మన దేశంలో 2 హార్స్‌పవర్ దాకా మోటార్లు మామూలుగా 415 వోల్టులకు స్టార్ కనెక్షన్‌లో ఉంటాయి. వాటిని డెల్టాకు మారిస్తే 240 వోల్టులకు సరిపోతాయి. 3 హార్స్‌పవర్, ఆపైన ఉండేటివి 415కే డెల్టాలో ఉంటాయి కాబట్టి వాటికి ఈ ఉపాయం పారదు. నా మోటారు మూత తీస్తే మూడు వైర్లే కనపడినాయి. స్టార్ ముడి లోపలనే వేసేసినారు. బద్వేలులో మోటారు చుట్టే ఆయన దగ్గరికి తీసుకపోతే, ముడి విప్పి ఆరు వైర్లు బయటికి తీసిచ్చినాడు. ఆరునూర్లు తీసుకున్నాడు. డెల్టాలో ఆంపియర్లు 1.732 రెట్లు అవుతాయి. నాది 415లో 1.8 తీసుకునేది, 240లో 3.1 తీసుకుంటుంది. ఆ అంకె వీఎఫ్‌డీలో సరిగ్గా పెట్టాల. లేకుంటే మోటారు కాలేటప్పుడు అది కాపాడదు.

వీఎఫ్‌డీ 1.5 హార్స్‌పవర్‌ది, ఎనిమిదివేల ఐదునూర్లకు తెప్పించినా. మోటారు కన్నా ఒక సైజు ఎక్కువ తీసుకోవడం మంచిది. ఇంటి వైపు నుంచి అది 8 ఆంపియర్ల దాకా లాగొచ్చు. అందుకని మీటరు దగ్గర నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేరుగా లాగి, 16 ఆంపియర్ల ఎంసీబీ పెట్టినా. ఎర్తు గుంత కొత్తగా తవ్వినా. ఎండాకాలం దాంట్లో నీళ్లు పోస్తా ఉండాల, మన నేల ఎండితే ఎర్తు పని చేయదు.

సెట్టింగులు ఇట్లా పెట్టుకున్నా. స్టార్టు నొక్కినాక పూర్తి స్పీడు రావడానికి 5 సెకన్లు. కింద 20 సైకిళ్లు, పైన 65. ఇరవై కన్నా తక్కువలో ఎక్కువసేపు తిప్పితే, మోటారు వెనకాల ఉండే ఫ్యాను కూడా మెల్లగా తిరిగి గాలి చాలక వేడెక్కుతుంది.

నేను మొదట చేసిన పొరపాటు కూడా చెప్తా. "ఇంక నాబ్ తిప్పితే స్పీడు మారుతుంది, ఈ మెట్ల పుల్లీలు ఎందుకు" అని బెల్టు ఒకే మెట్టు మీద పెట్టేసినా. మామూలు ఇనుముకు హెచ్‌ఎస్‌ఎస్ కట్టరు నిమిషానికి 25 మీటర్ల లెక్కన కోయాల. అంటే 10 మిల్లీమీటర్ల కట్టరుకు దగ్గర దగ్గర 800 చుట్లు, 20 కట్టరుకు 400. పెద్ద కట్టరు పెట్టి నాబ్ 25 సైకిళ్లకు తిప్పితే చుట్లు తగ్గినాయి గానీ కట్టరు ఇనుములో ఇరుక్కొని ఆగిపోయింది. ఎందుకంటే 25 సైకిళ్లలో మోటారు ఇచ్చే పవరు సగమే. బెల్టును చిన్న పుల్లీ నుంచి పెద్ద పుల్లీకి వేస్తే మాత్రం చుట్లు తగ్గుతాయి, బలం పెరుగుతుంది. ట్రాక్టరు లోడుతో మిట్ట ఎక్కేటప్పుడు యాక్సిలేటరు తగ్గిస్తామా, గేరు మారుస్తామా? ఇదీ అంతే. పెద్ద మార్పుకు పుల్లీ, చిన్న మార్పుకు నాబ్.

"అయితే 3 హార్స్‌పవర్ మోటారు పెట్టేయొచ్చు కదా" అన్నాడు మా బామ్మర్ది. పక్కనే పోరుమామిళ్ల చెరువు ఉంది కదా. బుక్కరాయల కొడుకు భవదూరుడు కట్టించినప్పుడు 1369లో వేసిన శాసనంలో, చెరువుకు కావాల్సిన 12 అంగాలూ, ఉండకూడని 6 దోషాలూ చెప్పినారు. ఆ దోషాల్లో రెండు ఇవి: నీళ్లు తక్కువగా ఉండి చోటు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై చోటు చాలకపోవడం. చెరువైనా మిషనైనా అదే లెక్క. చిన్న మిషన్‌కు పెద్ద మోటారు పెడితే కట్టరు విరిగేదాకా ఆగదు, తర్వాత గేరు పండ్లు పోతాయి.

బెల్టు కూడా మార్చినా. పాతది పగిలి ఒకచోట లావు, ఒకచోట సన్నం అయింది. ఏ సెక్షన్ వి-బెల్టు కొత్తది తెచ్చి, రెండు పుల్లీల ముఖాలకు దారం పట్టి ఒకే లైనులో ఉండేటట్టు మోటారు జరిపినా. గార్డుకు చిన్న స్విచ్చు పెట్టినా, గార్డు తెరిస్తే మోటారు ఆగుతుంది. పొయ్యి మీద ఎసరు పెట్టి నన్ను పిలవడానికి ఇంటామె షెడ్డులోకి వస్తా ఉంటుంది. చీర కొంగు బెల్టుకు చిక్కితే ఏమైతుందో పిండి మిషన్ల కాడ చూసినోళ్లకు తెలుసు.

ఇట్లాంటిది పెట్టుకోవాలనుకునేటోళ్లకు నాలుగు జాగ్రత్తలు. కెపాసిటర్ ఉండే సింగిల్ ఫేజు మోటారుకు ఈ వీఎఫ్‌డీ పెట్టొద్దు. వీఎఫ్‌డీకీ మోటారుకూ మధ్యలో స్విచ్చు పెట్టి తిరిగేటప్పుడు ఆపొద్దు, ఆపేది వీఎఫ్‌డీ బటన్‌తోనే. కరెంటు తీసినాక కూడా లోపల 300 వోల్టుల పైన నిలిచి ఉంటుంది, పది నిమిషాలు ఆగినాకనే మూత తీయండి. ఇనుప రజను, బల్లులు, ఎలకలు దూరకుండా డబ్బాలో పెట్టండి. కానీ గాలి ఆడాల, మన మే నెల ఎండకు రేకుల షెడ్డులో అది మోటారు కన్నా ముందు అల్లాడుతుంది.

ఇప్పుడు మిషన్ ఇంటి మీటరు మీద తిరుగుతా ఉంది. ఊరోళ్లకు చిన్నా చితకా పని చేసిస్తా, దుడ్డు తీసుకోను. తీసుకుంటే అది ఇంటి వాడకం కాదు, వేరే కేటగిరీ మీటరు తీసుకోవాల. ఆ రోజు వస్తే తీసుకుంటా.

అంతా బిగించి తిప్పి చూసినాక కూడా నాకు సంతోషం రాలేదు. సాయంత్రం ఆ కౌలు తమ్ముని ఇంటికి పోయినా. మంచం మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చినాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పేసినా. వాడు చానాసేపు మాట్లాడలేదు.

"కాయ పోతే పోయింది అన్నా, మళ్లా ఏసుకుంటా. ఆ పొద్దు ట్రాన్స్‌ఫార్మరు కాడ నువ్వు కూడా ఆడనే ఉంటివి. ఒక్క మాట చెప్పింటే నేను అంతమందిలో దొంగ మాదిరి నిలబడుండను కదా" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కూడా లేదు. పండగ రోజు మిగతా నలుగురిని పిలిచి, వాని ముందరే చెప్పినా. ఒకాయన తిట్టినాడు, తిట్టాల్సిందే. ఇంకొకాయన నవ్వి, "నేను 5 అని రాయించి 7.5 తిప్పుతున్నా మూడేండ్ల నుంచి" అన్నాడు. ఆ మాటతో ఒక్కొక్కరూ నోరు విప్పినారు. కాయితం మీద కూడితే మా ట్రాన్స్‌ఫార్మరు కింద 30 కాదు, 37.5 హార్స్‌పవర్ తేలింది.

ఆ రోజు నుంచి మేము మూడు పనులు చేస్తున్నాం. ఆటో స్టార్టర్లు తీసేసినాం. మోటారు నేరుగా స్టార్టు అయ్యేటప్పుడు మామూలు కన్నా ఆరు రెట్ల దాకా కరెంటు లాగుతుంది. కరెంటు రాగానే ఆరు మోటార్లూ ఒకేసారి లేస్తే ఆ దెబ్బ మొత్తం ట్రాన్స్‌ఫార్మరు మీదనే. రెండోది, ప్రతి బోరుకూ కెపాసిటర్ పెట్టుకున్నాం, 5 హార్స్‌పవర్‌కు 2 కేవీఏఆర్‌ది. మూడోది, ముగ్గురు పొద్దున, ముగ్గురు మధ్యాహ్నం అని వంతులు పెట్టుకున్నాం. నిజమైన లోడు రాసిచ్చి, పెద్ద ట్రాన్స్‌ఫార్మరుకు అర్జీ కూడా పెట్టుకున్నాం.

పోయిన నెల ఆ తమ్ముడు ఇత్తే గొర్రు షాఫ్టు పట్టుకొని షెడ్డుకు వచ్చినాడు. కీ గాడి అరిగి కీ నిలవడం లేదు. బెల్టు పెద్ద పుల్లీకి వేసి, నాబ్ సరిచేసి, గాడి కొత్తగా తీసిచ్చినా. వేలితో తడిమి చూసి, "బాగా వచ్చింది అన్నా" అన్నాడు. అంతకన్నా ఏమీ మాట్లాడుకోలేదు.

మీ మీ ట్రాన్స్‌ఫార్మర్ల కింద ఎన్ని బోర్లుండాయో, ఏది ఎన్ని హార్స్‌పవరో ఒకసారి కూర్చొని కాయితం మీద రాసుకోండి. మొదట మీ మోటారు లెక్క నిజంగా ఉన్నది ఉన్నట్టు రాయండి. ఒకరు రాస్తే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే రాస్తారు, మా కాడ అట్లే జరిగింది. అది కాలినాక ఎవురి మోటారు వల్ల కాలిందని కొట్లాడుకునే కన్నా ఇది మేలు.